సారథి కూర్చున్న చోటు: ఒక లారీ చరిత్ర

మన పురాణేతిహాసములలో రథముల వర్ణనలకు కొదువ లేదు. ధ్వజము ఎట్టిది, గుఱ్ఱముల వన్నె ఏది, చక్రముల ఘోష ఎంత దూరము వినబడినది అని కవులు విస్తరించి చెప్పినారు. శ్రీకృష్ణుడు పార్థునకు సారథ్యము చేసినాడు. శల్యుడు కర్ణునకు చేసినాడు. కాని ఆ సారథులు ఏ పలక మీద కూర్చున్నారు, ఎండకు వారికి నీడ ఉన్నదా, సాయంకాలమునకు వారి నడుము నొచ్చినదా అని అడిగినవారు అరుదు. బండి గొప్పను చెప్పుకొని బండి తోలువానిని మరచుట లోకమునకు క్రొత్త కాదు.

ఈ ప్రసంగములో మనము ఒక లారీ కథను చెప్పుకొందము. అది మన రహదారుల మీద అర్ధ శతాబ్దమునకు పైగా తిరిగిన లారీ. మన పెద్దలు ‘బెంజి లారీ’ అనియు, పిమ్మట ‘టాటా లారీ’ అనియు పిలిచిన లారీ. మన యింటికి వచ్చిన బియ్యపు బస్తా, కిరసనాయిలు డబ్బా, పెండ్లికి తెచ్చిన బెల్లము, పెట్టెలో పదిలముగా దిగిన రేడియో, అన్నియు ఏదో యొక నాడు దాని వీపు మీద ఎక్కినవే. దాని ఇంజను గొప్పను గూర్చి చాల మంది చెప్పినారు. మనము దాని ముందుభాగమున, చక్రము పట్టుకొని కూర్చున్న మనిషి కూర్చున్న చోటును గూర్చి విచారింతము.

ముందుగా ఎద్దుబండిని తలచుకొందము. బండివాడు నొగల దగ్గర కూర్చుండెడివాడు. ఎండ వచ్చిన తలపాగా, వాన వచ్చిన గోనెపట్టా. అది సుఖాసనమేమియు కాదు. అయినను అతనికొక భాగ్యముండెడిది. రాత్రివేళ కునుకు పట్టిన యెడల ఎడ్లు దారి తప్పెడివి కావు. ఎరిగిన బాట గనుక వాటి అడుగు వాటిది. ఎదురుబండి వచ్చిన ప్రక్కకు తొలగెడివి. వాగు కనబడిన ఆగెడివి. లారీ వచ్చినప్పుడు వేగము హెచ్చినది, బరువు హెచ్చినది; కాని ఆ రెండవ జత కన్నులు పోయినవి. ఇంజను దారి ఎరుగదు. తోలువాడు ఒక్క నిమిషము రెప్ప వేసిన యెడల మేల్కొని యుండువారెవ్వరును లేరు. కాబట్టి యంత్రయుగములో సారథి సుఖము కేవలము అతని సొంత విషయము కాదు. అది రహదారి మీద నడచు ప్రతి మనిషి ప్రాణముతో ముడిపడిన విషయమైనది.

మోటారు లారీ పుట్టుక జర్మనీ దేశములో. 1896వ సంవత్సరమున గాట్లీబ్ డైమ్లర్ అను ఇంజనీరు తొలి మోటారు లారీని నిర్మించినాడు. దాని ఇంజను శక్తి నాలుగు అశ్వబలములు. మోయు బరువు ఒకటిన్నర టన్ను. చక్రములు ఇనుప పట్టా తొడిగిన కొయ్య చక్రములు. చూచుటకు అది గుఱ్ఱములు లేని గుఱ్ఱపుబండియే. నడుపువాడు వెనుకటి బండివానివలెనే ముందు బల్ల మీద, పైకప్పు లేక, గాలికి వానకు ఎదురుగా కూర్చుండెడివాడు. ఆ లారీకి స్ప్రింగులు అమర్చుటకు ఒక ముఖ్యమైన కారణము చెప్పుదురు: ఆనాటి ఇంజను సుకుమారమైనది, కుదుపులకు తట్టుకొనలేనిది. ఇంజను నొచ్చుకొనునేమో యని స్ప్రింగు వేసినారు. దాని లాభములో నడుపువానికిని కొంత పాలు దక్కినది. తరువాతి చరిత్ర అంతటికిని ఇది సూచన వంటిది.

1923లో బెంజ్ కంపెనీ డీజెలు ఇంజనుతో తొలి లారీని తయారు చేసినది. 1926లో డైమ్లర్, బెంజ్ కంపెనీలు రెండును ఏకమైనవి. ఆ దశాబ్దములలోనే లారీ ముందుభాగమునకు గాజు అద్దము, తలుపులు, పైకప్పు సమకూడినవి. ‘క్యాబిను’ అని మనము పిలుచు చిన్న గది అట్లు ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1949లో, ఆ కంపెనీ ఓ.ఎం. 312 అను క్రొత్త డీజెలు ఇంజనుతో లారీలను విడుదల చేసినది. ఆరు సిలిండర్లు, సుమారు 4.6 లీటర్ల పరిమాణము, 90 అశ్వబలముల శక్తి. ఆ యింజను కుటుంబమే కొలది యేండ్లకు సముద్రము దాటి మన దేశమునకు వచ్చినది.

అంతకు పూర్వము మన దేశమున లారీల స్థితి ఎట్టిది? ఫోర్డు, షెవ్రొలే, డాడ్జి, బెడ్‌ఫర్డు మొదలగు పేర్లు గలవి తిరుగుచుండెడివి. చాల వరకు అవి పెట్రోలు బండ్లు. విడిభాగములు విదేశములనుండి తెచ్చి ఇచ్చట కూర్చినవి. యుద్ధకాలములో పెట్రోలు కరవై, బండి వెనుక బొగ్గు కొలిమి తగిలించి, ఆ వాయువుతో నడిపిన బస్సులను మన పెద్దలు ఎక్కినారు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ప్రభుత్వము ఒక నిశ్చయమునకు వచ్చినది: కేవలము భాగములు తెచ్చి బిగించుట చాలదు, క్రమముగా ఇచ్చటనే తయారు చేయు కంపెనీలు మాత్రమే ఉండవలెను. ఈ విధానము ఖరారైన పిమ్మట, 1954 ప్రాంతమున, జనరల్ మోటార్సు, ఫోర్డు కంపెనీలు ఇచ్చటి తమ కర్మాగారములను మూసివేసినవి.

సరిగా అప్పుడే టాటా వారు ముందుకు వచ్చినారు. రైలు ఇంజనులు చేయుటకై 1945లో జంషెడ్‌పూరులో వారు స్థాపించిన ‘టెల్కో’ కంపెనీ 1954లో జర్మనీలోని డైమ్లర్-బెంజ్ సంస్థతో పదునైదేండ్ల ఒప్పందము చేసికొన్నది. అదే సంవత్సరము అక్టోబరులో తొలి టాటా-మెర్సిడెస్-బెంజ్ లారీ కర్మాగారమునుండి వెలువడినది. గుండ్రని బానెట్టు, దాని నొసట మూడు కొమ్మల నక్షత్రము, సుమారు ఐదు టన్నుల బరువు మోయు సామర్థ్యము. పెట్రోలు లారీల యజమానులకు ఇది వరము. డీజెలు చవుక, ఇంజను తక్కువ నూనెతో ఎక్కువ దూరము పోవును, చెడుట తక్కువ. 1961 నాటికి ఈ లారీ సింహళమునకు ఎగుమతి కూడ అయినది.

ఇచ్చట మన కథకు ఆయువుపట్టు వంటి సంగతి యొకటి కలదు. కర్మాగారమునుండి వెలువడినది పూర్తి లారీ కాదు. చాల వరకు అది చాసిస్ మాత్రమే. ఇనుప దూలముల చట్రము, ఇంజను, గేరుపెట్టె, చక్రములు, ముందు బానెట్టు, చక్రము పట్టుకొనుటకు స్టీరింగు, ఇంతే. తలుపులు లేవు, వెనుక గోడ లేదు, కప్పు లేదు. మిగిలినదంతయు కొన్నవాడు తన ఊరిలో కట్టించుకొనవలెను. ఇందుకు కారణములు లేకపోలేదు. ఒకనికి పత్తి బేళ్ళకు ఎత్తైన బాడీ కావలెను, ఒకనికి ఇసుకకు పొట్టి బాడీ కావలెను, ఇంకొకనికి అదే చాసిస్ మీద బస్సు కావలెను. కొయ్యపని చేయువారు దేశమంతట ఉన్నారు, కూలి చవుక, ఇనుపరేకు అరుదు. కావున ఇంజను జంషెడ్‌పూరు ఇంజనీరు చేతిలోను, బాడీ వడ్రంగి చేతిలోను పడినవి. నడుపువాని కుర్చీ ఏ చేతిలో పడినది? అది రెండవ చేతిలో పడినది.

ఆ చాసిస్‌లను కర్మాగారమునుండి దూరపు ఊళ్ళకు తోలుకొనిపోవుటకు ప్రత్యేకముగా డ్రైవర్లుండెడివారు. వరుసగా పోవుదురు గనుక వారిని కాన్వాయి డ్రైవర్లనిరి. జంషెడ్‌పూరునుండి బెజవాడకు వేయి కిలోమీటర్లకు పైమాట. గది లేని బండి మీద, తాత్కాలికముగా బిగించిన ఆసనము మీద, తలకు ముఖమునకు తుండుగుడ్డ చుట్టుకొని, కన్నులు దుమ్ముకు చికిలించి, వారు ఎండలో వానలో ఆ దూరమును గడిపెడివారు. 1896 నాటి డైమ్లరు లారీ మీద బల్లనెక్కి కూర్చున్న మనిషికిని వీరికిని ఆ కొన్ని దినములు భేదము లేదనవచ్చును. లోకము ముందుకు పోయినది. వారి ఆసనము మాత్రము పోలేదు.

చాసిస్ ఊరు చేరిన పిమ్మట బాడీ కట్టువారి పాలు. మన తెలుగు దేశమున ఈ వృత్తికి బెజవాడ ప్రధాన క్షేత్రము. నగరము నడుమ ఇరుకు వీథులలో ఉండిన మరమ్మతు పాకలు, బాడీ షాపులు 1960ల దశాబ్దమున ఊరి వెలుపల ఏర్పడిన జవహర్ ఆటోనగరుకు తరలినవి. అచ్చట ఒక వీథిలో కమ్మరము, ఒక వీథిలో వడ్రంగము, ఒక వీథిలో రంగులు. లారీ ఒక కొసన అస్థిపంజరమువలె ప్రవేశించి మరియొక కొసన పెండ్లికొడుకువలె బయటకు వచ్చెడిది. చేవ గల కలపతో చట్రము కట్టి, దానిపై రేకు తొడిగి, క్యాబిను నిలిపెడివారు. లోపల వెడల్పైన బల్ల, దానిపై పరుపు, డ్రైవరు వెనుక పడుకొనుటకు అడ్డపలక, నెత్తి మీద దేవుని పటము, దానికొక చిన్న దీపము. వెలుపల నెమళ్ళు, తామరపూలు, యజమాని కుమారుల పేర్లు, వెనుక ‘హారన్ ప్లీజ్’ అను విన్నపము.

ఆ పనివారి నేర్పును మనము తక్కువ చేయరాదు. కొయ్య క్యాబిను ఇనుపరేకు డబ్బాకంటె ఎండకు కొంత చల్లన. విరిగిన ఏ ఊరి వడ్రంగియైనను బాగుచేయగలడు. తలుపు తీసి గాలి పట్టుకొనవచ్చును. డ్రైవరు దగ్గర నిలిచి తన పొడవునకు తగినట్లు బల్ల ఎత్తు చెప్పి చేయించుకొన్న సందర్భములును కలవు. కాని చెప్పుకొనుటకు అతనికి అవకాశము దొరకిన చోటులలో మాత్రమే ఇది సాధ్యము. సామాన్యముగా బాడీ షాపులో బేరమాడువాడు యజమాని. అతని చూపు వెనుక తొట్టి మీద ఉండును. ఎన్ని బస్తాలు పట్టును, ఎంత ఎత్తు కట్టవచ్చును, అని అతని ప్రశ్న. క్యాబినులో తగ్గించిన ప్రతి రూపాయియు అతనికి లాభముగా కనబడెను. ఎద్దు పుండు కాకికి ముద్దు అని మనవారు ఊరక అనలేదు.

ఇక ఆ క్యాబినులో కూర్చున్నవాని శరీరమునకు ఏమి జరుగునో శాస్త్రరీత్యా చూతము. మొదటిది కుదుపు. లారీ స్ప్రింగు పట్టీలు పూర్తి బరువును తలచి చేయబడినవి. పది టన్నుల బండిని ఆపగల స్ప్రింగునకు డెబ్బది కిలోల మనిషి ఉన్నాడో లేడో తెలియదు. బరువుతో పోవునప్పుడు అది కొంత మెత్తన. ఖాళీగా తిరిగి వచ్చునప్పుడు రాయివలె బిఱుసు. ప్రతి గుంటయు నేరుగా వెన్నెముకకు చేరును. కూర్చున్న మనిషి దేహము సెకనుకు నాలుగు మొదలు ఎనిమిది పర్యాయముల వరకు వచ్చు క్రిందుమీదు ఊపులకు మిక్కిలి లోబడునని పరిశోధకులు నిర్ణయించినారు. లారీలు గతుకుబాట మీద పుట్టించు ఊపులలో పెక్కు ఆ మేరలోనివే. నడుము నొప్పి, కడుపులో మంట, మెడ పట్టివేయుట ఈ వృత్తిలో ఇంటింటి మాటలగుట ఆశ్చర్యము కాదు.

రెండవది వేడి, దానితోపాటు రొద. తొలినాటి గుండ్రని బానెట్టు లారీలో ఇంజను డ్రైవరు ముందు వెలుపల ఉండెడిది. తరువాత వచ్చిన నమూనాలలో బరువు మోయు జాగా పెంచుటకై ఇంజనును సగము క్యాబినులోనికి నెట్టినారు. కొన్నింటిలో పూర్తిగా లోనికి తెచ్చినారు. మోకాలి ప్రక్కన మూతవేసిన కొలిమి ఉన్నట్లే. వైశాఖమాసమున రెంటచింతల వైపు, రామగుండము వైపు మిట్టమధ్యాహ్నము లారీ తోలినవానికి వెలుపల సూర్యుడు, లోపల ఇంజను. ఆ రొదలో వెనుకనుండి వచ్చు బండి చప్పుడు వినబడదు. ‘హారన్ ప్లీజ్’ అని వ్రాయుటలో అలంకారముతోపాటు అవసరమును ఉన్నదని గ్రహింపవలెను.

మూడవది కాయకష్టము. ఆనాటి భారీ లారీలకు స్టీరింగు త్రిప్పుటకు ఇంజను సాయము లేదు. అందుకే చక్రము అంత పెద్దది. మొలక త్రిప్పినట్లు త్రిప్పుట కాదు, భుజముతో లాగవలెను. గేరు మార్చుటకు క్లచ్చిని రెండు మారులు తొక్కి, ఇంజను వేగమును చెవితో కనిపెట్టి, పండ్లు కలియునట్లు వేయవలెను. ఘాటు రోడ్డు మీద ఈ పని గంటకు ఎన్ని పర్యాయములో లెక్క లేదు. ఇట్లు పగలంతయు చేసినవాడు రాత్రి కూడ తోలినప్పుడు, చేయి సరిగా ఆడలేదని అతనినొక్కని నిందించుట న్యాయమా?

ఇదే కాలమున ఈ లారీకి పుట్టినిల్లైన జర్మనీలో ఏమి జరిగినదో పోల్చి చూచుట ఉచితము. అచ్చటను మొదట సారథి సుఖమును తలచి ఎవరును మార్పులు చేయలేదు. 1950ల చివర ప్రభుత్వము లారీల పొడవును కఠినముగా తగ్గించినది. పొడవు తగ్గినది గాని సరుకు తగ్గుటకు వర్తకుడొప్పుకొనడు. కావున ముక్కును కత్తిరించి క్యాబినును ఇంజను మీదికి ఎక్కించినారు. 1959లో వచ్చిన పొట్టి బానెట్టు లారీలో ఇంజను కొంత కాళ్ళ నడుమకు వచ్చినది. 1963లో నలుచదరపు క్యాబిను, 1973లో ‘క్రొత్త తరము’ అను పేర సమూలముగా మార్చిన లారీలు వచ్చినవి. ఇంజను మరమ్మతుకు క్యాబినును ముందునకు వంచు ఏర్పాటు కలిగినది. తేలియాడు సీట్లు, పడుకొనుటకు పరుపు, చలికి వేడిగాలి క్రమముగా చేరినవి. స్వీడను దేశములో వోల్వో కంపెనీ 1979లో మనిషి నిలిచి దుస్తులు మార్చుకొనగలంత ఎత్తైన క్యాబినును అమ్మకమునకు పెట్టినది. ప్రమాదములో క్యాబిను నలిగి మనిషి చావకుండుటకు ఎంత దారుఢ్యముండవలెనో నిర్ణయించు ఐరోపా నిబంధన 1974లో అమలునకు వచ్చినది.

ఒక్క తల్లి బిడ్డలకు రెండు చోట్ల ఇంత భేదమెట్లు కలిగినది? అచ్చటివారు దయామయులనియు ఇచ్చటివారు కఠినులనియు చెప్పుట సరికాదు. అచ్చట డ్రైవర్లు దొరకుట కష్టము, దొరకినవానిని నిలుపుకొనవలెను. కార్మికసంఘములు బలమైనవి, చట్టము వెంటాడును. ఇచ్చట లారీ దొరకుటయే కష్టము. ఉత్పత్తి తక్కువ, కోరువారు ఎక్కువ. డబ్బు కట్టి వరుసలో నిలిచిన కాలమది. వచ్చిన చాసిస్‌ను కండ్లకద్దుకొని తీసికొనిపోవువాడు కుర్చీని గూర్చి తగవులాడునా? అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. కొనువాడు వేరు, కూర్చుండువాడు వేరు. కొనువాని మాటకు కంపెనీ చెవి యొగ్గును. కూర్చుండువాని మాట అంత దూరము పోదు. తానే యజమానియు తానే డ్రైవరునైన చోట సైతము, బ్యాంకు వాయిదా మొదట, నడుము తరువాత.

1969లో ఒప్పందము ముగిసినది. బానెట్టు మీది మూడు కొమ్మల నక్షత్రము దిగిపోయి, వలయములో టాటా వారి అక్షరము నిలిచినది. లారీ మాత్రము ఆగలేదు. 1210 అను అంకెతో ఊరూర తెలిసిన లారీ ఆ వంశమునదే. ఆ అంకెలో అర్థమున్నది: బండియు బరువును కలిసి 12 టన్నులు, ఇంజను శక్తి సుమారు 100 అశ్వబలములు. ఇంజనులకు 692, 697 అను పేర్లు. మొదటి 6 సిలిండర్ల సంఖ్య, తరువాతి రెండంకెలు సిలిండరు వ్యాసము మిల్లీమీటర్లలో. బరువునకు అంకె కలదు, శక్తికి అంకె కలదు, సిలిండరు వ్యాసమునకు అంకె కలదు. సారథి సుఖమునకు మాత్రము ఆ పేరులో అంకె లేదు. దశాబ్దములు గడచినను చాసిస్‌గానే అమ్ముట, కొయ్య క్యాబిను కట్టించుట కొనసాగినవి.

చట్టము నిద్రించినదని కూడ అనరాదు. 1961లో పార్లమెంటు మోటారు రవాణా కార్మికుల చట్టమును చేసినది. పెద్దలైన కార్మికులు సామాన్యముగా దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి పని చేయరాదనియు, ఐదు గంటల పని పిమ్మట కనీసము అరగంట విశ్రాంతి ఉండవలెననియు, రాత్రి మజిలీలలో విశ్రాంతి గదులు కల్పింపవలెననియు అందుండెను. మంచి చట్టమే. కాని అది ఐదుగురు, అంతకు మించి కార్మికులు గల సంస్థలకు వర్తించునట్లు మొదలైనది. మన దేశమున ఒకటి రెండు లారీల యజమానులు లక్షల మంది. ఒక్క లారీ, ఒక్క డ్రైవరు, ఒక్క క్లీనరు గల చోటికి ఆ చట్టము తలుపు తట్టలేదు. విశ్రాంతి గది రహదారి ప్రక్కన ధాబా ముందరి నులకమంచమైనది.

మార్పు నెమ్మదిగా వచ్చినది. చాల వరకు పోటీ వలన వచ్చినది. 1986లో టాటా వారు విడుదల చేసిన 407 అను చిన్న లారీ కర్మాగారములోనే చేసిన ఇనుప క్యాబినుతో వచ్చి జనాదరణ పొందినది. 1998లో స్వీడనుకు చెందిన వోల్వో కంపెనీ బెంగుళూరు సమీపమున హొసకోటలో లారీల తయారీ ప్రారంభించినప్పుడు, చల్లని క్యాబిను, గాలి సీటు గల లారీని మన డ్రైవర్లు తమ కన్నులతో చూచినారు. 2009లో టాటా వారు ‘ప్రైమా’ అను పేర ప్రపంచశ్రేణి లారీని ముందునకు తెచ్చినారు. 2012లో ఒక విచిత్రము జరిగినది. 1969లో సెలవు తీసికొన్న డైమ్లర్ వారే చెన్నపట్టణమునకు చేరువ ఒరగడములో కర్మాగారము నెలకొల్పి ‘భారత్‌బెంజ్’ అను పేరుతో తిరిగి వచ్చినారు. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగునన్న సామెత వాణిజ్యమునకు కూడ చెల్లును. ఈ మారు వారు క్యాబినును ఇతరుల చేతికి వదలలేదు.

తుదకు చట్టము క్యాబిను లోనికి ప్రవేశించినది. 2023 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ఒక ప్రకటన చేసినది. 2025 అక్టోబరు 1వ తేదీనుండి తయారగు మధ్యరకపు, భారీ లారీలన్నిటికిని, అనగా మొత్తము బరువు మూడున్నర టన్నులు మించిన వాటికి, క్యాబినులో శీతలయంత్రముండి తీరవలెను. తొలి డైమ్లరు లారీ పుట్టిన 129 సంవత్సరములకు, తొలి టాటా-బెంజ్ లారీ వెలువడిన 71 సంవత్సరములకు, మన దేశమున సారథికి చల్లనిగాలి హక్కైనది.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. వెల పెరుగుననియు, ఇంధనము ఎక్కువ కాలుననియు, చిన్న యజమానికి భారమనియు కొందరందురు. ఆ భారము నిజమైనదే. దానిని పరిహాసము చేయరాదు. కాని ఇంతకాలము ఆ ఖర్చు లేకుండెనా? ఉండెను. అది డ్రైవరు నడుము మీద, చెవుల మీద, ఆయువు మీద పద్దు పడుచుండెను. ఒక్కొక్కప్పుడు ఎదుట వచ్చిన బస్సులోనివారి మీద పడుచుండెను. ఇప్పుడు ఆ పద్దు లారీ వెలలోనికి వచ్చినది. దాని పరిమాణము కంటికి కనబడుటయే క్రొత్త.

మరియొక ప్రమాదమును ముందే గుర్తింపవలసి యున్నది. మెత్తని సీటు, చల్లని గాలి వచ్చినవి గనుక ఇక పండ్రెండు గంటలైనను తోలవచ్చునని యజమాని తలచిన యెడల ఈ సుఖమే క్రొత్త సంకెలయగును. చల్లని గదిలో నిద్ర మరింత సులభముగా వచ్చును. క్యాబిను ఎంత బాగున్నను మనిషికి నిద్ర కావలెను. నిద్రకు సమయము కావలెను. సమయమునకు రహదారి ప్రక్కన భయము లేని నెలవు కావలెను. సరుకు దొంగలపాలగునను భయముతో ఒక కన్ను తెరచి పడుకొన్నవాడు నిద్రించినట్లు కాదు. కావున 1961 నాటి చట్టములోని గంటల లెక్కయు, 2025 నాటి నిబంధనలోని చల్లదనమును కలసి నడచిన నాడే ప్రయోజనము.

పాత లారీలు ఇంకను లక్షల సంఖ్యలో తిరుగుచున్నవి. క్రొత్త నిబంధన వాటికి వర్తింపదు. హైదరాబాదు-విజయవాడ రహదారి మీద, కలకత్తా-మద్రాసు రహదారి మీద, రాత్రివేళ మనము బస్సులోనో కారులోనో పోవునప్పుడు, ఎదుట వచ్చు దీపముల వెనుక కూర్చున్న మనిషి ఎటువంటి ఆసనము మీద, ఎన్నవ గంటలో ఉన్నాడో మనకు తెలియదు. సరుకు ఒక పూట ఆలస్యమైనదని వర్తకుని మీద, వర్తకుడు యజమాని మీద, యజమాని డ్రైవరు మీద మండిపడుట మనకలవాటు. ఆ గొలుసులో మొదటి కొస మన యింటిలోనే ఉన్నది. ఒక పూట ఆలస్యమును ఓర్చుకొనుటకు మనము సిద్ధపడిన యెడల, రహదారి ప్రక్కన ఒక లారీ ఆగును. ఒక మనిషి నాలుగు గంటలు కన్ను మూయును. తెల్లవారిన పిమ్మట లేచి, ముఖము కడిగికొని, తన యిల్లు క్షేమముగా చేరును.